ఏఆర్‌లో గుండె బొమ్మ జారిపోతుంటే: నా అనుభవం

బైపీసీ పిల్లలు తరచూ అడిగేదే: ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ: కెమెరాలో కనిపించే గదిలోనే 3డి బొమ్మను నిలబెట్టి చూపేది) యాప్‌లో గుండె బొమ్మ నేల మీద నిలవదు, జారిపోతుంది. యాప్ తీసి మళ్లీ వేయడం, క్యాష్ క్లియర్, రీస్టార్ట్, ఏవీ పనిచేయలేదు.

తప్పు ఫోన్‌ది కాదు, నేలది. అమీర్‌పేట హాస్టల్ గదుల్లోని తెల్లటి నున్నని టైల్స్ మీద కెమెరాకు పట్టుకోవడానికి గుర్తులు దొరకవు. పాత పేపర్ రెండు పేజీలు పరవండి. ఫ్యాన్ ఆపండి (కాగితం రెపరెపలాడితే మళ్లీ మొదటికే). ట్యూబ్‌లైట్ వేసి, ఫోన్‌ను మెల్లగా పక్కకు జరపండి. ఒకేచోట నిలబడి తిప్పితే లోతు అందదు. బొమ్మ కుదిరాక దాని ముందువైపు, వెనుకవైపు స్క్రీన్‌షాట్లు తీసి, ఆంకీలో (ఫ్లాష్‌కార్డులతో గుర్తుపెట్టుకునే యాప్) ఇమేజ్ అక్లూజన్‌తో (బొమ్మలో భాగాలను కప్పే సదుపాయం) పేర్లు మూసేయండి. అన్నీ దాచి ఒక్కటే అడిగే పద్ధతి మేలు. పక్కన మహాధమని పేరు కనిపిస్తే పుపుస ధమనిని ఊహించేస్తాం. రోజుకు కొత్త కార్డులు 20 నుంచి 10కి తగ్గించాను.

చూసింది రెండు ఆండ్రాయిడ్ ఫోన్లలోనే. లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్) ఉన్నవాటికి పేపర్ అక్కర్లేకపోవచ్చు.