సముద్ర డేటాకు ఉమ్మడి ఆంటాలజీ, 4వ పాఠం: రెండూ ఒకటేనా?

ఆంటాలజీ అంటే ఏ పదానికి ఏ అర్థమో, ఏది దేనితో ఎలా ముడిపడుతుందో యంత్రానికీ తెలిసేలా అందరూ ఒప్పుకుని రాసుకున్న పట్టిక. పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ ఫైల్లోని కాలమ్ పేర్లు ఒక పక్క, ఉమ్మడి జాబితాలోని పదాలు ఇంకో పక్క పెట్టి, మధ్యలో సంబంధం రాయమన్నాను. మీరు పంపినవి చూశాను. పైనుంచి కిందిదాకా ఒకటే మాట, ‘రెండూ అచ్చంగా ఒకటే’ అని అర్థం: ఎగ్జాక్ట్‌మ్యాచ్, ఎగ్జాక్ట్‌మ్యాచ్, ఎగ్జాక్ట్‌మ్యాచ్. తప్పులో నా వాటా ఉంది. పదకోశాలను యంత్రం చదివేలా రాసే ప్రమాణమైన స్కాస్‌లో ఇలాంటి సంబంధాలు ఐదున్నాయని ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్లిపోయాను. అంచేత ఈసారి చెబుదామనుకున్న యూనిట్లు వచ్చే పాఠానికి జరిగాయి.

ఈ ముడుల్ని దాచే టర్టిల్ ఫార్మాట్ ఫైలు రాయడం, పొడవాటి వెబ్ చిరునామాలకు ప్రీఫిక్సులు (పొట్టి పేర్లు) పెట్టడం మళ్లీ చెప్పను. రెండో పాఠం తిరగేయండి.

మీ జాబితాల్లోంచే ఒకటి తీసుకుందాం. ముగ్గురున్న బృందం. ఒకరిది ఉపగ్రహ డేటా, ఒకరిది ఆర్గో ఫ్లోట్లది (సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలిచే పరికరాలు), మూడో ఆయనది పాత ఓడల లాగ్‌బుక్కుల్లోది. ముగ్గురి ఫైళ్లలోనూ కాలమ్ పేరు ‘ఎస్‌ఎస్‌టీ’, అంటే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత. పేరు కలిసింది కదా అని ముగ్గురూ ఎగ్జాక్ట్‌మ్యాచ్ పెట్టేశారు. పేరు కలిస్తే సరిపోతుందా? మా వీధిలో ముగ్గురు సత్యనారాయణలున్నారు, ముగ్గురికీ కలిపి ఒకే కరెంటు బిల్లు రాదు.

లోపలికెళ్లి చూడండి. ఉపగ్రహం మీది ఇన్‌ఫ్రారెడ్ రేడియోమీటరుకు కనిపించేది నీటి పైపొర, అదీ 10 నుంచి 20 మైక్రోమీటర్ల మందం. వెంట్రుక మందం కూడా ఉండదు. మైక్రోవేవ్‌తో కొలిస్తే ఒక మిల్లీమీటరు దాకా దిగుతాం. ఆర్గో ఫ్లోటు పైకి వస్తూ వస్తూ, ఉపరితలం మీది మురికి సెన్సరులోకి పోకుండా చాలావాటిలో 5 మీటర్ల దగ్గరే పంపు ఆపేస్తుంది. లాగ్‌బుక్కులోది బకెట్‌తో తోడిన నీళ్లో, ఇంజనులోకి వెళ్లే నీళ్లో, అదీ తెలియదు. గాలి ఆడని ఎండ మధ్యాహ్నం పై నీళ్లకూ 5 మీటర్ల నీళ్లకూ రెండు మూడు డిగ్రీల తేడా రావచ్చు.

“ఒకటి రెండు డిగ్రీలకే ఇంత గొడవా?” అని ఒకరు రాశారు. పగడపు దిబ్బలు తెల్లబారే ప్రమాదాన్ని చూసే అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వారి కోరల్ రీఫ్ వాచ్ గీసుకున్న గీత ఎక్కడుందో తెలుసా? అత్యంత వేడి నెల సగటు కన్నా ఒక్క డిగ్రీ పైన.

ఇక నన్ను నిజంగా విసిగించేది ఇది. ఎగ్జాక్ట్‌మ్యాచ్ గొలుసులా పాకుతుంది. మీరు ‘అ’నూ ‘ఆ’నూ కలిపారు. ఇంకెవరో, మీకు తెలియకుండా, ‘ఆ’నూ ‘ఇ’నీ కలిపారు. యంత్రం ఇక మిమ్మల్ని అడగదు, ‘అ’, ‘ఇ’ ఒకటేనని తేల్చేస్తుంది. ఫ్లోటు కాలమ్‌ని ‘ఎస్‌ఎస్‌టీ’తో ఒకరు ముడేశారు, ‘ఎస్‌ఎస్‌టీ’ని ఉపగ్రహం పైపొరతో ఇంకొకరు ముడేశారు. సాయంత్రానికి 5 మీటర్ల నీళ్లూ 15 మైక్రోమీటర్ల నీళ్లూ ఒకటైపోయాయి. విడివిడిగా చూస్తే ఎవరి తప్పూ పెద్దది కాదు. ‘దాదాపు ఒకటే’ అనే క్లోజ్‌మ్యాచ్‌కి ఈ పాకుడు లేదు, కావాలనే లేకుండా చేశారు. నేనూ ఒకప్పుడు ఇలాగే కలిపేసి, సముద్రంలో లేని మధ్యాహ్నపు వేడిని ‘కనిపెట్టి’ రెండు వారాలు సంబరపడ్డాను.

వాతావరణ, సముద్ర డేటా ఫైళ్ల కోసం చేసిన సీఎఫ్ ప్రామాణిక పేర్లలో ఈ చిక్కు ముందే విప్పి ఉంచారు. పైపొరకు ఒక పేరు, దాని కింది పొరకు ఒకటి, పగటి వేడి తగలని నీటికి ఒకటి, ఇవి కాక మామూలు ‘సీ సర్ఫేస్ టెంపరేచర్’ ఉంది. ఆ చివరిదాని నిర్వచనంలోనే ఇది పైపొర ఉష్ణోగ్రత కాదని రాసుంది. నిర్వచనం చదివినవాళ్లు మీలో ఎందరు?

పరికరం తెలియకపోతే పెద్ద పదానికి ముడేయండి. లివర్‌పూల్‌లోని బ్రిటిష్ సముద్ర డేటా కేంద్రం బీఓడీసీ నడిపే ఎన్‌వీఎస్ పదకోశంలో టీఈఎంపీపీఆర్01 అంటే నీటి ఉష్ణోగ్రత, అంతే. టీఈఎంపీఎస్‌టీ01 అంటే సీటీడీతోనో ఎస్‌టీడీతోనో (నీటిలోకి దించి ఉష్ణోగ్రత, లవణీయత, లోతు కొలిచే పరికరాలు) కొలిచింది. ఒట్టి ‘టెంప్’ అని ఉన్న కాలమ్‌కి మొదటిదే గతి. దిక్కు మాత్రం చూసుకోండి: ‘నాది బ్రాడ్‌మ్యాచ్ వాళ్లది’ అంటే వాళ్లది పెద్దదని.

చేపల పేర్లలో ఇంకో రకం పొరపాటు చేశారు. కానాగడతలకు ఒక భావన, కానాగంతలకు ఇంకో భావన సృష్టించి మధ్యలో ఎగ్జాక్ట్‌మ్యాచ్ పెట్టారు. అక్కడున్నది ఒకే చేప. ఒక భావన చాలు, ఊళ్ల పేర్లన్నీ మారుపేర్లుండే ఆల్ట్‌లేబుల్‌లోకి వెళ్లాలి. గుర్తింపు కోసం సముద్ర జీవుల పేర్ల పట్టిక అయిన వోర్మ్స్‌లోని అఫియా నంబరు వాడండి. ఆ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ రెండో ముక్క మన విశాఖ తీరం మాటే: అక్కడి చేపల్ని ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ స్థానిక పేర్లతో రాసుకుంటే, ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యూవియే 1816లో దాన్నే లాటిన్‌లోకి ఎక్కించాడు. కవళ్లు అంటే మాత్రం జాగ్రత్త, ఆ మాట ఒక్క జాతిది కాదు.

ముడులు వేయడానికని మెరైన్ మెటాడేటా ఇంటరాపరబిలిటీ ప్రాజెక్టువాళ్లు ‘వైన్’ అనే పరికరం చేశారు. నాకు మాత్రం స్ప్రెడ్‌షీటే చేతికొస్తుంది, మాటలు కుదిరేదాకా ఆంటాలజీలు రాసే సాఫ్ట్‌వేర్ ప్రొటెజె తెరవను. ఐడీలకు ఒట్టి అంకెలే పెడతాను. అర్థమున్న పేరు పెడితే ఆ పేరు మీదే సగం మీటింగు గడిచిపోతుంది.

అభ్యాసం. మీ ల్యాబు కాని మనిషిని ఒకరిని పట్టుకోండి. ఇద్దరూ పది కాలమ్‌లు ఎంచుకుని, ఒకరిది ఒకరు చూడకుండా ముడులు వేయండి. ఎగ్జాక్ట్‌మ్యాచ్ పెట్టిన ప్రతిచోటా మూడు జవాబులు రాయాలి: ఏ లోతు, ఏ పరికరం, ఏ స్కేలు. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ ముడి క్లోజ్‌మ్యాచ్‌కి దిగుతుంది. తేడా వచ్చినచోట ఎవరిదో ఒకరిది చెరిపేయకండి. రెండూ ఉంచి, వాదన పక్కనే రాయండి.

పదకొండోది నేనిస్తున్నాను. ప్రామాణిక సముద్రజలం లవణీయత 1978 ప్రాక్టికల్ స్కేలు మీద 35, యూనిట్ లేదు. అదే నీటికి 2010 నాటి కొత్త ప్రమాణం టీఈఓఎస్-10 లెక్కన కిలోకు 35.165 గ్రాములు. ఒకే సీసా, ఒకే నీళ్లు. ఈ రెండు కాలమ్‌ల మధ్య ఏం రాస్తారు?