కైఫీయత్తులు చదివేవాళ్లకు ఒక చిట్కా

కడప బ్రౌన్ గ్రంథాలయంలో మొదటిసారి కైఫీయత్తుల (ఊళ్ల చరిత్ర రాసిపెట్టిన పాత స్థానిక రికార్డుల) నుంచి నోట్సు రాసుకున్నప్పుడు ఉత్సాహంలో నలభై పేజీలు దించేశాను, ఒక్కదానికీ పేజీ నంబరు వేయలేదు. మా గైడు సార్ చూసి "ఇది ఏ సంపుటంలోది నాయనా?" అన్నారు. మళ్లీ ప్రొద్దుటూరు నుంచి మూడు రోజులు బస్సులో తిరిగాను.

అందుకే, పుస్తకం చేతికి రాగానే ముందు సంపుటం, ముద్రణ సంవత్సరం రాయండి. ప్రతి వాక్యానికీ ఎడమ అంచులో పేజీ నంబరు వేశాకే వాక్యం మొదలుపెట్టండి. దించుకున్నది నీలం ఇంకులో, మీ సొంత ఆలోచన పెన్సిల్‌తో. నెల తర్వాత ఏది ఎవరి మాటో మనకే గుర్తుండదు.

ఇంకొకటి, తేదీలు. కైఫీయత్తులో "ప్రమోదూత" అని మాత్రమే ఉంటే తొందరపడి ఏడాది తేల్చేయకండి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి: 1750, 1810, 1870 మూడూ ప్రమోదూతలే. పక్కన ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల్లో వాడే సంవత్సరం) ఉందేమో వెతకండి. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1220 అంటే 1810 జూలై నుంచి 1811 జూన్ దాకా, సుమారుగా. నేను మొదట అరవై ఏళ్లు తప్పాను, ఒక చెరువు తూము విషయంలో!