మందు పార్టీకి వెళ్తున్నారా అమ్మాయిలూ, ఇవి చూస్కోండి
ఏపీలో 21 నిండాకే, రూలే అది. హాస్టల్లో పెరుగన్నమో ఏదోటి గట్టిగా తినేసి బయల్దేరండి, అక్కడి చికెన్ పకోడీని నమ్ముకుంటే అది వచ్చేలోపే సగం గ్లాసు అయిపోద్ది. బీరే కదా అని లైట్ తీస్కోవద్దు, 8 శాతం స్ట్రాంగ్ బీర్ 650 ఎంఎల్ బాటిల్ అంటే దాదాపు నాలుగు 30 ఎంఎల్ విస్కీ పెగ్గులు, అందుకే నేనైతే ఒక బాటిల్ ఇద్దరికి అంటా, మధ్యమధ్యలో మంచినీళ్లు. బెంజ్ సర్కిల్ నుంచి స్కూటీ మీదే వచ్చేద్దాం అనే హీరోయిన్ ప్రతి గ్యాంగ్‌లో ఉంటది, దాని తాళాలు ముందే లాక్కోండి, దొరికితే 10,000 ఫైన్, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. క్యాబ్ ఎక్కాక లొకేషన్ గ్రూప్‌లో పెట్టండి, తేడా అనిపిస్తే 112. ఎవరైనా లేపినా లేవకపోతే మజ్జిగలూ నిమ్మరసాలూ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి కొట్టండి.