అపార్ ఫెయిల్ అవుతోందా? ముందు ఆ ఆధార్ జిరాక్స్ పక్కన పెట్టండి

పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) గడువు దగ్గరపడిందంటే హైస్కూల్ హెచ్ఎంల ఫోన్లు మొదలవుతాయి. "సార్, పేరు కరెక్టే, పుట్టిన తేదీ కరెక్టే, అయినా అపార్ రావడం లేదు. సైటు పనిచెయ్యట్లేదా?" అని. అపార్ అంటే విద్యార్థికి జీవితాంతం ఉండే చదువుల గుర్తింపు నంబరు. చాలాసార్లు సైటు బాగానే పనిచేస్తుంటుంది. ఎవరూ చూడని చోట తేడా ఉంటుంది. అది చూడకుండా వారం రోజులు అదే బటన్ నొక్కుతూ కూర్చున్నవాళ్లను, పిల్లవాణ్ని మూడుసార్లు ఆధార్ కేంద్రానికి తిప్పినవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను.

యూడైస్ ప్లస్ (బడుల, విద్యార్థుల వివరాలు ఉండే పోర్టల్) లాగిన్, విద్యార్థి మాడ్యూల్, జనరల్ ప్రొఫైల్ మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. యూడైస్ ఇచ్చే 11 అంకెల పెన్ (విద్యార్థి శాశ్వత నంబరు) బడి వివరాల మీద వస్తుంది. 12 అంకెల అపార్ ఆ వివరాలు ఆధార్‌తో సరిపోతేనే వస్తుంది. పేరు, పుట్టిన తేదీ, ఆడ, మగ అనే గడి, ఈ మూడింటిలో ఏది తేడా ఉన్నా ఆగిపోతుంది. ఈ వివరాలే తర్వాత నామినల్ రోల్‌కీ, అక్కడి నుంచి పదో తరగతి మెమోకీ వెళ్తాయి. పిల్లవాడి పాస్‌పోర్టు, ఉద్యోగం, పెన్షన్ అన్నీ ఆ మెమో మీద నడుస్తాయి. ఏదో ఆన్‌లైన్ పని అని తేలిగ్గా తీసుకోవద్దు.

పేరు కొంచెం తేడాగా ఉంది, ఫెయిల్ అవుతోంది

ఇది అందరికీ తెలిసిందే, అందరూ వదిలేసేదీ ఇదే. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. రిజిస్టర్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. లక్ష్మి అనే పేరును ఇంగ్లిషులో ఒకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, ఇంకొకరు ఎక్స్ పెట్టి రాస్తారు. పొడి అక్షరం తర్వాత చుక్క ఉందా, రెండు మాటల మధ్య ఖాళీ రెండుసార్లు పడిందా అన్నదీ చూడండి.

యూడైస్‌లో బడి రికార్డు ప్రకారం పేరు వేరు, ఆధార్ ప్రకారం పేరు వేరు. రెండో గడిలో ఆధార్‌లో ఎలా ఉందో అలాగే, ఆ వరుసలోనే కొట్టాలి. అందంగా ఉంటుందని సరిచేయకూడదు. మీ లాగిన్‌లో మారకపోతే ఆధారాలతో ఎంఆర్సీకి (మండల వనరుల కేంద్రానికి) వెళ్తే మండల లాగిన్ నుంచి అక్కడ డేటా చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్ మారుస్తారు. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

అక్షరం తేడా లేదు, అయినా ఫెయిల్ అవుతోంది

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. ఫైల్లో ఆధార్ జిరాక్స్ ఉంటుంది. యూడైస్ ప్రింటు పక్కన పెట్టి ఇద్దరు టీచర్లు చదివి చూస్తారు. అంతా సరిపోతుంది. బటన్ నొక్కితే మళ్లీ ఫెయిల్.

మీరు కాగితంతో పోలుస్తున్నారు. పోర్టల్ మాత్రం ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ దగ్గర ఈ రోజు ఉన్న వివరాలతో పోలుస్తుంది. ఈ రెండూ ఒకటే అని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఈ తేడా ఎలా వస్తుందంటే, పిల్ల ఒకటో తరగతిలో చేరినప్పుడు ఇచ్చిన జిరాక్స్ ప్రాథమిక పాఠశాల ఫైల్లో చేరింది. ఆ తర్వాత బయోమెట్రిక్ అప్‌డేట్‌కు వెళ్లారు. అయిదేళ్లప్పుడు ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఇంకోసారి అది తప్పనిసరి కదా. వెళ్లినప్పుడే అమ్మ "ఇంటిపేరు కూడా వెయ్యండి బాబూ" అని అడిగింది, లేకపోతే జనన ధ్రువీకరణ పత్రం చూపించి తేదీ మార్పించింది. ఆధార్ మారింది. పాత జిరాక్స్ మాత్రం టీసీ, రికార్డు షీటుతో కలిసి ఆరో తరగతికి మీ బడికి వచ్చింది. యూడైస్‌లో వివరాలు ఆ పాత కాగితం చూసే కొట్టారు. అందుకే రెండూ అంత చక్కగా సరిపోతున్నాయి. అంత చక్కగా సరిపోయి కూడా ఫెయిల్ అవుతుంటే ముందు అనుమానించాల్సింది ఆ కాగితాన్నే.

ఇక్కడ హెచ్ఎంలు చేసే మొదటి పని ఒరిజినల్ కార్డు తెమ్మనడం. తల్లిదండ్రులు లామినేషన్ చేయించిన కార్డు తెస్తారు. అదీ పాతదే అయి ఉండొచ్చు. మారిన తర్వాత కొత్త ప్రింటు తీయించుకోని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇంకొందరు కార్డు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి "ఉడాయ్ సంతకంతోనే వచ్చింది సార్, ఇది అసలుదే" అంటారు. కార్డు అసలుదే, అందులో సందేహం లేదు. కానీ ఆ కోడ్‌లో ఉండేది కార్డు ప్రింటైన రోజు వివరాలు. తర్వాత జరిగిన మార్పు అందులోకి రాదు. మూడోది ఆధార్ కేంద్రం రసీదు. రసీదు చేతికొస్తే మారిపోయినట్టు కాదు. పత్రాలు చాలలేదని కొన్నిసార్లు అప్‌డేట్ తిరస్కరణకు గురవుతుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రసీదు మీది నంబరుతో స్టేటస్ చూడండి.

నమ్మదగిన పద్ధతి ఒక్కటే. మై ఆధార్ సైటులో పిల్లవాడి ఈ-ఆధార్‌ను ఈ రోజు కొత్తగా డౌన్‌లోడ్ చేయించండి. ఓటీపీ లింకైన ఫోనుకు వస్తుంది. ఏ ఫోనుకు లింకైందో ఇంట్లో గుర్తుండదు. తండ్రిది, మేనమామది, ఎప్పుడో పారేసిన నంబరు, ఏదైనా కావచ్చు. అదే సైటులో ఆధార్ చెల్లుబాటు చూసే చోట నంబరు కొడితే లింకైన మొబైల్ చివరి మూడు అంకెలు కనిపిస్తాయి. దాంతో ఏ ఫోను వెతకాలో తెలుస్తుంది. వయసు ఏ పదేళ్ల మధ్య ఉందో, ఆడో మగో కూడా అక్కడే కనిపిస్తుంది. అబ్బాయి నంబరు కొడితే ఆడ అని వచ్చిందంటే వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే.

డౌన్‌లోడ్ అయిన ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం నాలుగు అంకెలు. ఇది మనకు ఉచితంగా దొరికే పరీక్ష. జిరాక్స్‌లోని పేరుతో, సంవత్సరంతో కొట్టి చూడండి. తెరుచుకోలేదంటే పేరు మొదలో, సంవత్సరమో మారినట్టే. ఇంటిపేరు ముందుకు చేర్చిన కేసులు ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి. తెరుచుకుందని మాత్రం సంతోషపడి ఆగిపోవద్దు. చివరి అక్షరాలూ, రోజూ నెలా లోపల చదివి చూడాలి. నెట్ సెంటర్‌లో తీయిస్తే పని కాగానే ఆ ఫైలు ఆ కంప్యూటర్ నుంచి తీసేయించండి. అది ఒక పిల్ల గుర్తింపు పత్రం.

కొత్త ఈ-ఆధార్ తెరిచాక కొన్నిసార్లు అక్కడ వేరే పిల్ల ఫొటో కనిపిస్తుంది. అక్క నంబరు చెల్లికి పడి ఉంటుంది. కవలల్లోనూ, వరుస క్లాసుల్లో చదివే అన్నదమ్ముల్లోనూ ఇది తరచూ చూస్తాం. అన్ని కార్డులూ అమ్మ ఒకే కవర్‌లో పెట్టి తెస్తుంది, కొట్టేవాళ్లు ఒకటి చూసి ఇంకొకటి కొడతారు. ఇలాంటప్పుడు ఒకరిది సరిచేసి ఊరుకోవద్దు. రెండో పిల్లది ఏ బడిలో ఉన్నా అదీ చూడాలి.

ఇక చేయాల్సింది. ఈ రోజు ఆధార్‌లో ఉన్నది సరైనదైతే యూడైస్‌ను దానికి తగ్గట్టు మార్చండి, ఫైల్లోని పాత జిరాక్స్ తీసేసి కొత్త ప్రింటు పెట్టండి. ఆధార్‌లో ఉన్నదే తప్పయితే ముందు ఆధార్ మార్పించాలి. మారిందని మళ్లీ డౌన్‌లోడ్ చేసి చూశాకే బటన్ నొక్కాలి. ఒక జాగ్రత్త ఉంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మారుతుంది. ఆ అవకాశం అయిపోతే ఉడాయ్ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం చుట్టూ తిరగాలి. అందుకే "ముందు ఆధార్ మార్పించుకుని రండమ్మా" అని ఆలోచించకుండా పంపేయడం తప్పు. ఏది మార్చాలో మీరు తేల్చి, కాగితం మీద రాసి ఇచ్చి పంపండి. కూలి పోగొట్టుకుని వెళ్లే తల్లి ఆమె.

రెండుచోట్లా పుట్టిన తేదీ వేరు, దేన్ని మార్చాలి?

అడ్మిషన్ రిజిస్టర్‌ను ఆధార్‌కు తగ్గట్టు దిద్దడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అపార్ సంఖ్య పెరగాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది, నాకు తెలుసు. వాట్సాప్ గ్రూపులో రోజూ శాతాలు పెడతారు. అయినా వద్దు. ఆధార్ గుర్తింపుకే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని ఉడాయే చెప్పింది. ఈపీఎఫ్ సంస్థ 2024 జనవరిలో పుట్టిన తేదీ రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తీసేసింది. అదే ఏడాది అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు వయసు నిర్ణయానికి ఆధార్ కంటే బడి ఇచ్చిన ధ్రువపత్రాన్నే తీసుకుంది. అంటే మీ రిజిస్టర్‌కు ఉన్న విలువ అది. పాత కార్డుల్లో సంవత్సరం ఒక్కటే అచ్చయినవి ఉన్నాయి. ఆధార్‌లో జనవరి 1 కనిపిస్తే ఎవరో అంచనాగా వేశారేమో అని ముందుగా అనుమానించండి.

జనన ధ్రువీకరణ పత్రం అడగండి. అది రిజిస్టర్‌తో కలిస్తే ఆధార్ మారాలి. అది ఆధార్‌తో కలిసి రిజిస్టర్‌తో విభేదిస్తే, తల్లిదండ్రుల దరఖాస్తు, పత్రం నకలు జతచేసి పై అధికారికి రాయండి. ఉత్తర్వు వచ్చాకే, దాని నంబరు వేసి, రిజిస్టర్‌లో మార్పు. వైట్‌నర్ వాడిన రిజిస్టర్ ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పిల్లవాణ్ని ఇబ్బంది పెడుతుంది.

2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి బడిలో చేరడానికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువీకరణ పత్రమే అని చట్టం మార్చారు. మంచి మార్పు. కానీ ఆ పిల్లలు మన హైస్కూళ్లకు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. ఇప్పుడున్నవాళ్ల చిక్కులు మనమే విప్పాలి.

పిల్లవాడు క్లాసులో ఉన్నాడు, లాగిన్‌లో లేడు

యూడైస్‌లో పాత బడి అతణ్ని ఇంకా వదల్లేదు. అక్కడ టీసీతో వెళ్లినట్టు గుర్తిస్తే డ్రాప్ బాక్స్‌లోకి (బడి వదిలిన పిల్లల జాబితాలోకి) వస్తాడు, పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి మీరు తీసుకోవచ్చు. పాత బడి కదలకపోతే విడుదల కోరుతూ అభ్యర్థన పెట్టి, ఎంఈవోకు (మండల విద్యాధికారికి) కాగితం ఇవ్వండి. ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపితే, ఎనిమిదో తరగతి వరకు విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ మీకు అండగా ఉంది. టీసీ వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. తొమ్మిది, పది తరగతులకు ఆ రక్షణ నేరుగా లేదు కాబట్టి అక్కడ ఎంఈవో, డీఈవోల చొరవ కావాలి.

తొందరపడి కొత్త విద్యార్థిగా మాత్రం చేర్చొద్దు. రెండో పెన్ పుడుతుంది. ఒకే ఆధార్ మీద ఇద్దరు పిల్లలు కనిపిస్తారు, అపార్ ఎటూ రాదు, దాన్ని తీయించడం ఇప్పుడున్న పనికి నాలుగింతలు.

మిగిలినవి

ఆధార్ సస్పెండ్ కావడం, ఒకే పిల్లకు రెండు ఆధార్‌లు ఉండటం అరుదు. అలా తేలితే ఆధార్ కేంద్రానికి పంపండి, బడిలో చేసేదేమీ లేదు. ఏడేళ్లు దాటినా బయోమెట్రిక్ ఇవ్వని పిల్లల ఆధార్ నిలిచిపోయే అవకాశం ఉంది. ఆ అప్‌డేట్ బాకీ ఉన్నవారి వివరం 2025 నుంచి యూడైస్‌లోనే కనిపిస్తోంది, చూసి పంపండి. ఇక నిజంగా సర్వర్ సమస్య అయితే ఒక్క పిల్లకు కాదు, క్లాసు మొత్తానికీ ఆగుతుంది. పొద్దున్నే ప్రయత్నించండి.

తల్లిదండ్రులు అపార్ అంగీకార పత్రం మీద "సంతకం చెయ్యం" అంటే అది వాళ్ల ఇష్టం. వద్దన్నారని నమోదు చేసి ముందుకు వెళ్లండి. హాల్ టికెట్ రాదని భయపెట్టి సంతకం తీసుకోవద్దు.

ఇదంతా పదో తరగతి నవంబరులో చేసే పని కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలవి జులై, ఆగస్టుల్లోనే చూడండి. జూనియర్ అసిస్టెంట్ లేని బడుల్లో ఈ భారమంతా హెచ్ఎం మీదే పడుతోందనీ, పాఠం చెప్పే, తరగతి చూసే సమయం దీనికే పోతోందనీ అందరం చెబుతూనే ఉన్నాం. ఆ పోస్టులు నింపాల్సిందే. అప్పటిదాకా క్లాస్ టీచర్లకు పది మంది పిల్లల చొప్పున పంచి, ప్రతి పిల్లకు కొత్త ఈ-ఆధార్, జనన ధ్రువీకరణ పత్రం, యూడైస్ ప్రింటు ఒకచోట పెట్టించండి. ప్రింటు మీద అమ్మనో నాన్ననో చదివించి సంతకం చేయించండి.

జనన ధ్రువీకరణ పత్రంలో పిల్ల పేరు ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. ఆస్పత్రిలో నమోదైనప్పుడు పేరు గడి ఖాళీగా వదిలేసినవి చాలా ఉన్నాయి. నమోదైన తేదీ నుంచి 15 ఏళ్లలోపు రుసుము కట్టి పేరు చేర్పించుకోవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లకు ఆ గడువు కొద్ది నెలలే మిగిలి ఉంటుంది. అలాంటివాళ్లను ఈ వారమే పంచాయతీకో మున్సిపాలిటీకో పంపండి, మిగతా పని తర్వాత చూసుకోవచ్చు.