సండే స్కూల్లో సి.ఎస్. లూయిస్ గురించి చెప్పాలనుకుంటే

నార్నియా సినిమా చూసిన పిల్లలు చెన్నైలో మన తెలుగు చర్చిల్లో చాలామందే ఉన్నారు, ఆ కథలు రాసినాయన ఎవరంటే మాత్రం చెప్పలేరు. ఆయన మీద ఒక గంట క్లాసు తీసుకుంటే ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పిన పెద్ద పండితుడు అని మొదలుపెట్టకండి. బెల్‌ఫాస్ట్‌లో ఆయన పెరిగిన ఇంటి దగ్గర మొదలుపెట్టండి.

క్లాసు నవంబరులో పెట్టుకోండి. ఆయన పుట్టింది 1898 నవంబర్ 29న, పైగా చెన్నైలో అప్పుడు వానలు, స్కూళ్లకి సెలవులిచ్చి ఇంట్లో కూర్చోబెడితే ఎలా ఉంటుందో మన పిల్లలకి బాగా తెలుసు. బెల్‌ఫాస్ట్‌లో వాన పడితే పెద్దవాళ్లు పిల్లల్ని బయటికి పంపేవాళ్లు కాదు, అందుకని జాక్ (ఇంట్లో లూయిస్‌ని అలాగే పిలిచేవాళ్లు), వాళ్లన్న వార్నీ లోపలే కూర్చుని బొమ్మలు గీస్తూ కథలు అల్లుకునేవాళ్లు. జాక్‌ది మాట్లాడే జంతువుల దేశం. మరి అన్నది ఏ దేశమో పిల్లల్నే ఊహించమనండి. ఇండియా! రైళ్లు, ఓడలు తిరిగే ఇండియా. తర్వాత రెండూ కలిపి బాక్సెన్ అని పేరు పెట్టుకున్నారు. ఈ సంగతి చెప్పగానే మా క్లాసులో వెనక కూర్చున్నవాళ్లు కూడా ముందుకి జరిగారు.

తర్వాత బీరువా, కథలో పిల్లలు నార్నియాలోకి వెళ్లేది దాంట్లోంచే. మన పిల్లలు బీరో అంటారు, ఆ మాట వినగానే వాళ్లకి కనిపించేది అమ్మ పట్టుచీరలు దాచే ఇనప బీరువా, దాంట్లోకి దూరి ఇంకో లోకానికి వెళ్లడం వాళ్ల ఊహకి అందదు, కాబట్టి ముందు చెక్క బీరువా ఫోటో ఒకటి చూపించండి. లూయిస్ తాతగారు, అంటే నాన్నగారి నాన్న, సొంతంగా చేసిన బీరువా లిటిల్ లీ అనే వాళ్ల ఇంట్లో ఉండేది. ఇప్పుడది అమెరికాలో వీటన్ కాలేజీలో ఉంది.

అమ్మ తరఫు తాత పాస్టరు, బెల్‌ఫాస్ట్‌లోనే డండేలాలో సెయింట్ మార్క్స్ చర్చి ఆయనది. ఆ పాస్టరుగారింటి తలుపు పిడి సింహం ముఖం. నార్నియా కథల్లోని సింహం అస్లాన్ అక్కణ్ణించే వచ్చాడని మాత్రం చెప్పకండి, ఆ సింహం ఎక్కణ్ణించి వచ్చిందో తనకే తెలియదని లూయిస్ రాశాడు.

1908 దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించండి. ఆ ఆగస్టులో వాళ్లమ్మ ఫ్లోరా క్యాన్సర్‌తో చనిపోయింది, జాక్‌కి తొమ్మిదేళ్లు, అమ్మకి నయం కావాలని ప్రార్థన చేసుకున్న పిల్లాడు, వాణ్ణి నెల తిరక్కుండానే ఇంగ్లండ్‌లో హాస్టలు స్కూలుకి పంపేశారు. పెద్దవుతూ దేవుడే లేడన్నాడు. మళ్లీ క్రీస్తుని నమ్మింది 1931లో. మధ్యలో ఉన్న ఆ ఇరవై పైచిలుకు ఏళ్లని ఒక్క వాక్యంలో దాటేసి అంతా మంచికే అని కలిపేయకండి. అమ్మ లేని పాప ఒకతి మా క్లాసులో ఉంది. "అక్కా, ఆయన కూడా ప్రార్థన చేశాడా?" అని అడిగింది. చేశాడమ్మా అన్నాను, ఇంకేమీ కలపలేదు. పెద్ద పిల్లలైతే 1955లో వచ్చిన నార్నియా పుస్తకం గురించి చెప్పండి, అందులో ఒక అబ్బాయి జబ్బుపడ్డ అమ్మ కోసం ఆపిల్ పండు తెస్తాడు, ఆమె బతుకుతుంది.

చివరి ఇరవై నిమిషాలు తెల్ల కాగితాలు ఇచ్చి ఎవరింటి బొమ్మ వాళ్లని వేయమనండి. మెట్ల కింద చీకటి మూల, మేడ మీద వాటర్ ట్యాంక్, అవ్వ పెట్టె, ఏదైనా సరే, దాని వెనక ఏముందో ఒక కథ చెప్పాలి. తెలుగు రాయడం రాని పిల్లలే మన దగ్గర ఎక్కువ, కాబట్టి వాళ్లు చెబుతుంటే మీరు రాయండి, వాళ్ల మాటలు దిద్దకుండా. ఇంగ్లీషు, తమిళం కలిసినా పర్వాలేదు. కింద పేరు, వీధి, తేదీ వేసి కుట్టి చర్చి బీరువాలో పెట్టండి. బాక్సెన్ కాగితాలు ఎవరో దాచి ఉంచబట్టే 1985లో పుస్తకంగా అచ్చయ్యాయి.