బాలల సంరక్షణ హోమ్‌లలోని పిల్లల వైద్య పరీక్షలు: ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల హోమ్ సిబ్బందికి జాగ్రత్తలు

బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు నకలు, టీకా కార్డు, పాత డాక్టరు చీటీలు ముందురోజే ఒక ఫైల్లో పెట్టుకోండి.

సికిల్ సెల్ (వంశపారంపర్య రక్తజబ్బు) పరీక్షకు ముందు, గత 3 నెలల్లో రక్తం ఎక్కించారేమో తప్పక కనుక్కోండి. ఎక్కించి ఉంటే దాత రక్తం కలిసి ఫలితం తప్పుగా రావచ్చు. 6 నెలల లోపు పసివాళ్లకు సాల్యుబిలిటీ పరీక్ష (రక్తాన్ని ద్రావణంలో కలిపి చూసే తొలి పరీక్ష) నమ్మదగ్గది కాదు. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను యంత్రంతో విడదీసి చూసే ల్యాబ్ పరీక్ష) అడగండి.

మలేరియా మందు ఈమధ్యే వాడిన బిడ్డకు జబ్బు తగ్గినా ర్యాపిడ్ కిట్‌లో వారాల తరబడి పాజిటివ్ గీత కనబడవచ్చు. రక్తపు స్లైడ్ కూడా చూడమనండి.

సవర, కువి మాత్రమే వచ్చిన పిల్లల వెంట ఆ భాష తెలిసినవాళ్లు ఉండాలి. భయంతో తలూపితే అది జవాబు కాదు.

ఒంటిమీద దెబ్బలుంటే అందరిముందూ చొక్కా విప్పించొద్దు. లైంగిక దాడి అనుమానముంటే ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి.