నెట్ స్లోగా ఉందా? పాఠం 3: స్పీడ్ 94 దగ్గర ఆగిపోతే

మొదటి పాఠంలో బిట్లు, బైట్లు అయిపోయాయి, అంటే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డౌన్‌లోడ్ విండోలో సెకనుకి 37 ఎంబీ దాకా కనిపిస్తే నెట్ సరిగ్గానే వస్తున్నట్టు. రెండో పాఠంలో వైఫై పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌ని వైర్‌తో రౌటర్‌కి కలిపి స్పీడ్ టెస్ట్ కొట్టమన్నా. కొట్టకపోతే ఇక్కడే ఆగి కొట్టి రండి, ఈ పాఠమంతా ఆ నంబర్ మీదే నడుస్తుంది.

వైర్ పెట్టినా 93, 94 అలా వచ్చి ఎన్నిసార్లు కొట్టినా అక్కడే కూర్చుంటోందా? మీ ప్లానే 100 అయితే గొడవ లేదు, అంతే వస్తుంది. ప్లాన్ 300 అయ్యుండి 94 వస్తుంటే మాత్రం సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే బయట రద్దీ వల్ల స్లో అయితే నంబర్ ఊగుతుంది, రాత్రి తొమ్మిదింటికి ఒకటి, తెల్లారుజామున ఇంకొకటి. కదలకుండా 94 అంటే మధ్యలో ఏదో ఒక లింక్ (రెండు పరికరాల మధ్య వైర్ కలయిక) గిగాబిట్‌లో, అంటే 1000 ఎంబీపీఎస్‌లో కాకుండా 100లోనే నడుస్తోంది. మరి 100 అయినా పూర్తిగా రాదేం అంటారా, డేటా చిన్న మూటలుగా, అంటే ప్యాకెట్లుగా వెళ్తుంది, ఒక్కో నిండు ప్యాకెట్ వైర్ మీద 1538 బైట్ల చోటు తింటుంది, హెడర్లు (మూట మీద రాసే చిరునామా లాంటివి), మధ్య గ్యాప్ అన్నీ పోను మన డేటా 1460కి మించదు. అదే లెక్కకి గిగాబిట్‌లో 940 దాకా వస్తుంది.

ఇప్పుడు విండోస్‌లో అయితే సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్నెట్‌లోకి వెళ్లి లింక్ స్పీడ్ చూడండి. 100/100 అని ఉంటే దోషం మీ ల్యాప్‌టాప్ నుంచి వైర్ అవతలి కొసన ఉన్న పోర్టు (వైర్ గుచ్చే రంధ్రం) లోపలే ఉంది, కంపెనీకి ఫోన్ చేసి తిట్టి లాభం లేదు. 1000 అని ఉంటే ఈ ముక్క బాగుంది, రౌటర్ అవతలి ముక్కకి వెళ్లాలి.

వైర్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100కి రెండు జతలు చాలు, మామూలుగా ఆరెంజ్, గ్రీన్. గిగాబిట్‌కి బ్లూ, బ్రౌన్ కూడా కావాలి. అందుకే బ్రౌన్ తీగ ఒక్కటి వైర్ కొసనుండే ప్లాస్టిక్ క్లిప్‌లో సరిగ్గా దిగకపోయినా నెట్ ఆగిపోదు, చప్పుడు లేకుండా 100కి దిగుతుంది, లైట్ వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. (కొన్ని ల్యాప్‌టాప్‌ల నెట్‌వర్క్ కార్డులకి అలా దిగడం కూడా రాదు, లింక్ వచ్చి పోతూ ప్రాణం తీస్తుంది.)

బెంగళూరు ఫ్లాట్లలో, పీజీల్లో అసలు తంటా గోడకున్న నెట్ సాకెట్‌లో ఉంటుంది (కరెంటుది కాదు). స్క్రూలు విప్పి ప్లేట్ ముందుకి లాగి చూడండి: నాలుగు తీగలే బిగించి బ్లూ, బ్రౌన్ జతల్ని వైర్ చుట్టూ చుట్టి లోపలికి తోసేసి ఉంటారు, లేదా ఒకే కేబుల్‌ని చీల్చి రెండు జతలు హాల్‌కి, రెండు జతలు బెడ్‌రూమ్‌కి ఇచ్చేసి ఉంటారు. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "నాలుగు చాలు సార్, నెట్ వస్తుంది" అంటాడు. వస్తుంది కూడా, పాపం అతనేం అబద్ధం చెప్పలేదు. మారతహళ్లి, బీటీఎం పీజీల్లో అయితే ఓనరు మనవాడే కాబట్టి "తమ్ముడూ, పెద్ద ప్లానే పెట్టించా, నీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో ఉంది" అని తెలుగులోనే పంపించేస్తాడు, అప్పుడు ఆ ప్లేట్ విప్పి చూపించండి.

సరిచేయాలంటే ఎనిమిదీ రెండు కొసల్లోనూ ఒకే రంగుల వరుసలో కొట్టించాలి, చీల్చిన కేబుల్ అయితే ఇంకోటి లాగించక తప్పదు. కొత్త వైర్‌కి బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్ వెళ్తే క్యాట్ 5ఈ రకం (క్యాట్ అంటే వైర్ గ్రేడు) చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, ఇంట్లో క్యాట్ 8కి డబ్బులు పోయడం నా లెక్కలో దండగ. కానీ రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు కూడా అదే పేరుతో అమ్ముతారు, అవి రెండుసార్లు వంచితే విరుగుతాయి. మొత్తం రాగేనా అని అడిగి, కొస గీకి చూసుకోండి, లోపల వెండి రంగు కనిపిస్తే వద్దు.

వైర్ మార్చినా 100 దగ్గరే ఉంటే పోర్టు చూడాలి. డబ్బా మీద వైఫై 1200 అని పెద్దక్షరాల్లో రాసి వెనకాల పోర్టులన్నీ 100వే పెట్టిన రౌటర్లు బోలెడు. ఫైబర్ వాళ్లు ఇచ్చే డబ్బాల్లో కూడా కొన్నింటికి ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100, కింద స్టిక్కర్ మీద గానీ పోర్టు పక్కన గానీ రాసి ఉంటుంది. ఆ ఒక్కదాంట్లోకి మారిస్తే పైసా ఖర్చు లేకుండా తేలిపోయే కేసులు ఉన్నాయి.

వచ్చే పాఠానికి హోంవర్క్: ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లలో ఐపెర్ఫ్3 (రెండు కంప్యూటర్ల మధ్య స్పీడ్ కొలిచే ఉచిత టూల్) వేసుకుని, రెండింటినీ వైర్‌తో రౌటర్‌కి కలిపి, ఒకదాంట్లో సర్వర్, ఇంకోదాంట్లో క్లయింట్ నడపండి. ఒకసారి మామూలుగా, ఒకసారి డేటాని ఎదురు దిశలో పంపే రివర్స్ ఆప్షన్‌తో. రెండు నంబర్లూ రాసి పెట్టుకోండి, ఒక వైపు 940 వచ్చి ఇంకో వైపు బాగా తక్కువొస్తే రీట్రాన్స్‌మిట్ల (మళ్లీ పంపాల్సొచ్చిన ప్యాకెట్ల) కాలమ్ కనిపిస్తే అది కూడా రాసుకోండి, అక్కడి నుంచే మొదలుపెడతాం.